వన్‌వే టికెట్‌పై విదేశ ప్రవేశం

వెళ్ళేందుకు మాత్రమే టికెట్ కొనుక్కుని, తిరిగి వచ్చేందుకు గానీ అక్కడి నుంచి మరో దేశం పోయేందుకు గానీ టికెట్ లేకుండా పరాయి దేశం చూడబోయేవారిని ఆ దేశం రానిస్తుందా? ఏ షరతుల మీద రానిస్తుంది? ఈ ప్రశ్నకు ఏ ఒక్క చట్టంలోనూ పూర్తి జవాబు దొరకదు. ఆయా దేశాల వలస చట్టాలు, అంతర్జాతీయ విమానయాన ఒప్పందం, విమాన సంస్థల సొంత నియమాలు, ప్రయాణికుడి చేతిలోని పాస్‌పోర్టు ఏ దేశానిదన్న సంగతి కలిసి దాన్ని తేలుస్తాయి. తిరుగు ప్రయాణానికి తీసినదాన్ని రిటర్న్ టికెట్ అనీ, మూడో దేశానికి తీసినదాన్ని ఆన్‌వర్డ్ టికెట్ అనీ ట్రావెల్ ఏజెంట్లు అంటారు. ఈ షరతు పెట్టిన దేశాలు చాలావరకు రెంటిలో ఏది ఉన్నా సరిపెట్టుకుంటాయి.

రుజువుగా అడిగేది టికెట్టే అయినా దాని వెనుక ఉన్న అనుమానం వేరు. ఈ మనిషి గడువులోగా వెళ్ళకపోతే వెనక్కి పంపే ఖర్చు ఎవరు భరించాలి? రిటర్న్ టికెట్ ఆ అనుమానానికి ముందే రాసిచ్చిన పూచీకత్తు. విమాన సంస్థలు ప్రభుత్వం కన్నా కఠినంగా ఎందుకుంటాయో, ఒకే విమానం ఎక్కే ఇద్దరిలో ఒకరినే ఎందుకు ఆపుతారో, చెల్లుబాటయ్యే వీసా ఉన్నవారిని కూడా టికెట్ చూపించమని ఎందుకు అడుగుతారో ఈ మాట గుర్తుంచుకుంటే అర్థమవుతుంది.

ఓడల కాలం

ఈ పూచీకత్తు విమానాలతో పుట్టలేదు. అమెరికా 1891లో చేసిన వలస చట్టం, రేవులో తిరస్కరించిన ప్రయాణికులను తెచ్చిన ఓడల కంపెనీలే తమ ఖర్చుతో వెనక్కి తీసుకుపోవాలని విధించింది. మరుసటి ఏడాది జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ఐలండ్ తనిఖీ కేంద్రం తెరుచుకుంది. అక్కడ తిరస్కరణకు గురైనవారి తిరుగు ప్రయాణపు భారం తమ నెత్తిన పడుతుందని తెలిశాక, కంపెనీలు యూరప్ రేవుల్లో ఓడ ఎక్కకముందే ప్రయాణికులను వడపోయడం మొదలుపెట్టాయి. నేడు శంషాబాద్ విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ ఉద్యోగి పాస్‌పోర్టు తిరగేస్తూ అడిగే ప్రశ్నల వంశవృక్షం అక్కడ మొదలవుతుంది.

టికెట్‌ను తలుపు గడియగా వాడిన ఉదాహరణల్లో భారతీయులు మరవకూడనిది కెనడాది. 1908లో ఆ దేశం ‘నిరంతరాయ ప్రయాణ’ నిబంధన తెచ్చింది. పుట్టిన దేశం నుంచి గానీ పౌరసత్వమున్న దేశం నుంచి గానీ, అక్కడే కొన్న ఒకే టికెట్‌పై, మధ్యలో ఎక్కడా ఆగకుండా వచ్చినవారినే రానిస్తామన్నది దాని సారం. ఆసియావాసుల చేతిలో 200 డాలర్లు ఉండాలన్న షరతు కూడా అదే ఏడాది వచ్చింది. భారతీయులను రానివ్వం అన్న మాట అందులో ఎక్కడా లేదు. కానీ కలకత్తా నుంచి నేరుగా కెనడా చేరేలా టికెట్ అమ్మే అవకాశాన్నే మూసేశాక ఆ మాట రాయాల్సిన పనేముంది? 1914 మే 23న 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ చేరిన కొమగట మారు ఓడను ఈ నిబంధన కిందే ఆపారు. రెండు నెలల పాటు ఓడ నీళ్ళలోనే నిలిచింది. అంతకుముందే కెనడాలో స్థిరపడిన కొద్దిమందిని తప్ప తక్కినవారిని వెనక్కి పంపేశారు. ఓడ బెంగాల్‌లోని బజ్‌బజ్ చేరినప్పుడు జరిగిన కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. 2016 మే 18న కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో ఇందుకు క్షమాపణ చెప్పారు. టికెట్ షరతు పైకి ఎంత సాదాగా కనిపించినా దానితో ఎవరిని ఏరివేస్తున్నారో చూడాలన్న పాఠం ఈ ఓడదే.

తెలుగువారి వలసలకు కూడా తిరుగు టికెట్‌తో పాత బంధం ఉంది. మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరిన ట్రూరో ఓడతో, నేటి దక్షిణాఫ్రికాలో ఉన్న నేటాల్‌కు ఒప్పంద కూలీల రాక మొదలైంది. వారిలో తెలుగువారూ ఉన్నారు. పదేళ్ళు అక్కడ గడిపిన కూలీకి ఉచిత తిరుగు ప్రయాణం ఇవ్వాలన్నది ఆ ఏర్పాటులో భాగం. ఫిజీలోనూ ఇదే తరహా ఏర్పాటు నడిచింది. ఈ ఏర్పాట్లలో తిరుగు ప్రయాణం కూలీకి దక్కాల్సిన హక్కు. పోను పోను నేటాల్ పాలకులు దాన్నే ఒత్తిడి సాధనంగా మార్చారు. ఒప్పందం ముగిశాక ఇంటికీ పోక, మళ్ళీ ఒప్పందంలోనూ చేరక ఉండిపోయినవారిపై 1895లో ఏటా మూడు పౌండ్ల పన్ను వేశారు. 1913 సత్యాగ్రహంలో గాంధీజీ ప్రధానంగా ఎత్తిచూపిన అన్యాయాల్లో అదొకటి. మరుసటి ఏడాది ఆ పన్ను రద్దయింది.

విమానాల కాలానికి మూలపత్రం 1944 డిసెంబర్ 7న చికాగోలో సంతకాలైన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం. ప్రయాణికుల రాకపోకల లాంఛనాల గురించి చెప్పేది దాని తొమ్మిదో అనుబంధం. గమ్యదేశం, మధ్యలో ఆగే దేశాలు కోరే పత్రాలు ప్రయాణికుల దగ్గర ఉన్నాయో లేదో బయలుదేరేచోటే చూసుకోవాలని, ప్రవేశం దొరకనివారిని వెనక్కి తీసుకుపోవాలని అది విమాన సంస్థలకు బాధ్యత అప్పగించింది. ఈ బాధ్యతకు జరిమానాల పదును తర్వాత తోడైంది. బ్రిటన్ 1987లో ప్రత్యేక చట్టం చేసి, సరైన పత్రాలు లేని ఒక్కో ప్రయాణికుడికి 1,000 పౌండ్ల జరిమానా పెట్టి, తర్వాత దాన్ని 2,000కు పెంచింది. యూరోపియన్ యూనియన్ 2001లో ఇచ్చిన ఆదేశం ప్రకారం సభ్యదేశాలు ఒక్కో ప్రయాణికుడికి కనీసం 3,000 యూరోల జరిమానా పెట్టాలి, లేదా గరిష్ఠ జరిమానా 5,000 యూరోలకు తగ్గకుండా చూడాలి. ఈ జరిమానాలు ప్రధానంగా పాస్‌పోర్టు, వీసాల లోపాలకే. తిరుగు టికెట్ లేనందుకు తిప్పి పంపితే విమాన సంస్థ మీద పడేది మనిషిని వెనక్కి తెచ్చే భారం. సంస్థకు ఆ బరువు కూడా తక్కువేమీ కాదు.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణ ఏ దేశాన్నయినా విడిచి వెళ్ళే హక్కు, సొంత దేశానికి తిరిగి వచ్చే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందంటుంది. పరాయి దేశంలో ప్రవేశించే హక్కు మాత్రం అందులో లేదు. వెళ్ళే హక్కుకూ చేరే హక్కుకూ నడుమ ఉన్న ఆ ఖాళీలోనే వీసాలు, టికెట్ షరతులు నిలబడ్డాయి. ప్రాణభయంతో పారిపోయేవారు వీసా తెచ్చుకోలేరు, తిరుగు టికెట్ కొనే ప్రశ్నే లేదు. అలాంటివారి గోడు సరిహద్దులో అధికారి దాకా వెళ్ళకముందే విమాన సంస్థ గుమస్తా దగ్గర ఆగిపోతోందన్నది ఈ విధానంపై ఉన్న అత్యంత బలమైన విమర్శ. అది న్యాయమైన విమర్శ.

కౌంటర్ దగ్గర జరిగేది

చెక్-ఇన్ ఉద్యోగి వలస చట్టాలు చదువుకున్నవారు కారు. వారి ముందున్న తెరపై ‘టిమాటిక్’ అనే సమాచార భాండాగారం ఉంటుంది. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం (అయాటా) దీన్ని నిర్వహిస్తుంది. ప్రయాణికుడి పౌరసత్వం, గమ్యం, ఎన్నాళ్ళ బస, ఏ పని మీద అన్న వివరాలు ఇస్తే ఏ పత్రాలు కావాలో అది చెబుతుంది. ఆ చెప్పడంలో రెండు స్థాయిలు ఉంటాయి. కొన్ని దేశాల విషయంలో సందర్శకుల దగ్గర రిటర్న్ లేదా ఆన్‌వర్డ్ టికెట్ ఉండి తీరాలి అని రాసి ఉంటుంది. మరికొన్నింటి విషయంలో, అది లేనివారికి ప్రవేశం నిరాకరించే అవకాశం ఉంది అని మాత్రమే ఉంటుంది. మొదటి మాట ఉన్నచోట ఉద్యోగి చేతులు కట్టేసినట్టే. రెండో మాట ఉన్నచోట ఆ ఉద్యోగి విచక్షణ, సంస్థ అలవాటు, ప్రయాణికుడు ఇచ్చే సమాధానాలు నిర్ణయిస్తాయి. ఒకే ఊరికి పోయినసారి ఎవరూ అడగని టికెట్‌ను ఈసారి అడిగారని ప్రయాణికులు వాపోవడానికి కారణం తరచూ ఇదే.

సంస్థకు మరో రక్షణ కూడా ఉంది. టికెట్ కొన్నప్పుడు ప్రయాణికుడు ఒప్పుకునే రవాణా షరతుల్లోనే, గమ్యదేశం కోరే పత్రాలు లేకపోతే ఎక్కించుకోకుండా ఉండే హక్కు సంస్థకు ఉంటుంది. అలా ఆగిపోయినప్పుడు టికెట్ డబ్బు తిరిగి రావడం ఆ టికెట్ రకాన్ని బట్టి ఉంటుంది. చౌక టికెట్లలో సాధారణంగా రాదు.

కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ చేతికొచ్చినంత మాత్రాన ప్రవేశం ఖాయమని కాదు. వీసా కూడా ప్రవేశ హక్కు ఇవ్వదు, సరిహద్దు దాకా వచ్చి అనుమతి అడగనిస్తుంది, అంతే. తుది మాట దిగినచోట ఉండే ఇమిగ్రేషన్ అధికారిది.

రాసిన షరతు, రాయని షరతు

అమెరికా ఉదాహరణ ఈ తేడాను చక్కగా చూపిస్తుంది. 1986 చట్టంతో మొదలైన వీసా మినహాయింపు పథకం కింద 90 రోజులకు వచ్చే దేశాలవారికి రిటర్న్ లేదా ఆన్‌వర్డ్ టికెట్ తప్పనిసరి. ఆ ఆన్‌వర్డ్ టికెట్ కెనడాలోనో మెక్సికోలోనో బెర్ముడాలోనో కరీబియన్ దీవుల్లోనో ముగిస్తే చెల్లదు, అక్కడి నివాసి అయితే తప్ప. భారతదేశం ఈ పథకంలో లేదు. భారతీయులు తీసుకునే బి-1, బి-2 సందర్శక వీసాకు చట్టంలో రిటర్న్ టికెట్ షరతు లేదు. కానీ వీసా దరఖాస్తుదారుడు వలస ఉద్దేశంతోనే వస్తున్నాడని అనుకోవాలని అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ చెబుతుంది. ఆ అనుమానాన్ని తొలగించాల్సిన బాధ్యత దరఖాస్తుదారుడిదే. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళే తల్లిదండ్రులు, పురిటికి ఎన్నాళ్ళు సాయముండాల్సి వస్తుందో తెలియక, తిరుగు తేదీ తర్వాత చూద్దామనుకుని వన్‌వే తీయడం తెలుగు కుటుంబాల్లో అరుదేమీ కాదు. చట్టం వారిని ఆపదు. అయితే దిగినచోట అధికారి ఎప్పుడు వెళ్తారని అడిగితే చెప్పడానికి ఒక తేదీ, చూపడానికి ఒక కాగితం ఉన్నవారి పని తేలిక. ఆరు నెలల లోపు తేదీతో రిటర్న్ తీసి, అవసరమైతే తేదీ మార్చుకోవడం ఎక్కువమంది పాటించే మార్గం. దిగినచోట ప్రవేశం ఇచ్చేటప్పుడు నమోదు చేసే ఐ-94 రికార్డులో వేసిన గడువు దాటకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యం. గడువు ఆ రికార్డుదే గానీ వీసా చివరి తేదీది కాదు.

బ్రిటన్ టికెట్ అడగదు, స్తోమత అడుగుతుంది. సందర్శకుడు గడువు ముగిశాక వెళ్ళిపోతాడన్న నమ్మకం కుదరాలి, తిరుగు లేదా ముందుకు ప్రయాణానికి అయ్యే ఖర్చుతో సహా భరించే డబ్బు ఉండాలి అని అక్కడి నిబంధనలు. న్యూజిలాండ్ ఇంకొంచెం సూటిగా, టికెట్ గానీ అది కొనే డబ్బు గానీ చూపమంటుంది. బస ఖర్చులకు నెలకు 1,000 న్యూజిలాండ్ డాలర్లు ఉండాలి, బసకు ముందే చెల్లించి ఉంటే 400 చాలు. యూరప్‌లోని షెంగెన్ దేశాల ఉమ్మడి సరిహద్దు నియమావళిలో రిటర్న్ టికెట్, ప్రయాణ ఉద్దేశాన్ని నిరూపించే పత్రాల జాబితాలో ఒకటి. ఆచరణలో మనవారు దాన్ని ఎదుర్కొనేది సరిహద్దులో కన్నా వీసా దరఖాస్తులో. 30,000 యూరోల వైద్య బీమాతో పాటు రానుపోను ప్రయాణ వివరం కూడా ఫైల్లో పెట్టాలి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదన్న లెక్కలో దిగిన రోజు, వెళ్ళే రోజు రెండూ కలుస్తాయి. 2025 అక్టోబర్ 12న మొదలైన ప్రవేశ నిష్క్రమణ వ్యవస్థ ఈ రోజులను పాస్‌పోర్టు ముద్రలతో కాక వేలిముద్రలతో, ముఖచిత్రంతో లెక్కగడుతుంది.

టికెట్ షరతు నిజంగా గట్టిగా ఉండేది వీసా లేకుండానో, దిగాక వీసాతోనో రానిచ్చే దేశాల్లో. కారణం తేటతెల్లమే. వీసా ఇచ్చే దేశం రాయబార కార్యాలయంలో ముందే కాగితాలు చూసుకుంటుంది. వీసా ఎత్తేసిన దేశానికి ఆ అవకాశం లేదు కాబట్టి పూచీకత్తును టికెట్ రూపంలో రాబట్టుకుంటుంది. ఫిలిప్పీన్స్ ఇందుకు పేరుపడింది. 2025 జూన్ 8 నుంచి భారతీయులకు 14 రోజుల వీసారహిత ప్రవేశం ఇచ్చినప్పుడు, ఆరు నెలల చెల్లుబాటున్న పాస్‌పోర్టు, బస బుకింగ్, డబ్బు రుజువులతో పాటు రిటర్న్ లేదా ఆన్‌వర్డ్ టికెట్ కూడా ఉండాలంది. ఇక్కడ తేదీ కూడా కీలకం. 14 రోజులకు అనుమతించినప్పుడు ఇరవయ్యో రోజు టికెట్ చూపితే అది పూచీ కాదు, గడువు మీరతానని చెప్పిన ఒప్పుకోలు. మాల్దీవులు దాదాపు అన్ని దేశాలవారికీ దిగాక 30 రోజుల వీసా ఉచితంగా ఇస్తుంది గానీ తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చూపాలి. ఇండోనేషియా 5,00,000 రుపియాల వీసా ఇచ్చేటప్పుడు ఇదే అడుగుతుంది. థాయిలాండ్ 2023 నవంబర్ నుంచి భారతీయులకు వీసా ఎత్తేసి, 2024 జూలై 15 నుంచి గడువును 60 రోజులకు పెంచింది. అక్కడ అడగడం ఒక్కోసారి జరుగుతుంది, ఒక్కోసారి జరగదు. అడిగినప్పుడు లేకపోతే మాత్రం తర్జనభర్జనకు తావుండదు. ఇలాంటి గడువులు ఏడాదికోసారి మారినా ఆశ్చర్యం లేదు. బయలుదేరే వారంలో ఆయా దేశాల రాయబార కార్యాలయ ప్రకటన చూసుకోవాల్సిందే.

మారిషస్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళిన తెలుగువారి సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. భారతీయులకు దిగాకే ప్రవేశానుమతి ఇచ్చే ఆ దేశం రిటర్న్ టికెట్, బస, రోజుకు 100 అమెరికన్ డాలర్ల చొప్పున డబ్బు చూపమంటుంది. కోరంగి రేవు నుంచి వెళ్ళిన కూలీల మునిమనవల ఇంటికి చుట్టపుచూపుగా పోవడానికీ ఇప్పుడు తిరుగు టికెట్ కావాలి.

భారతదేశం కూడా ఈ షరతుకు బయట లేదు. 2014 నవంబర్ 27న హైదరాబాద్ సహా తొమ్మిది విమానాశ్రయాల్లో మొదలై తర్వాత ఈ-వీసాగా విస్తరించిన ఏర్పాటులో, వచ్చేవారి దగ్గర రిటర్న్ లేదా ఆన్‌వర్డ్ టికెట్, ఖర్చుకు తగిన డబ్బు ఉండాలని మన ప్రభుత్వమూ అంటుంది.

గల్ఫ్ దారిలో

తెలుగు రాష్ట్రాల్లో తిరుగు టికెట్ అన్న మాట బతుకుతెరువుతో ముడిపడి వినిపించేది గల్ఫ్ ప్రయాణాల్లోనే. ఇక్కడ షరతు గమ్యదేశానిది మాత్రమే కాదు, మన ప్రభుత్వానిది కూడా.

1983 నాటి వలస చట్టం కింద, పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుకు సాధారణంగా ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వలస అనుమతి కావాలి అన్నదానికి సంకేతం అది. యాభై ఏళ్ళు దాటినవారికీ ఆదాయపు పన్ను కట్టేవారికీ మరికొందరికీ మినహాయింపు ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో 18 దేశాల్లో ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయ అనుమతి తప్పనిసరి. ఉద్యోగానికి కాకుండా వేరే పని మీద వెళ్ళేవారికి 2007 అక్టోబర్ నుంచి ఆ అనుమతి అక్కర్లేదు. చెల్లే పాస్‌పోర్టు, వీసా, రిటర్న్ టికెట్ చూపితే పంపిస్తారు. అంటే తిరుగు టికెట్‌ను ఇక్కడ అడిగేది మన ఇమిగ్రేషన్ అధికారే, అదీ ఇల్లు విడవకముందే. చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. ఆ 18 దేశాల్లో సౌదీ, కువైట్, ఒమన్, ఖతర్, బహ్రెయిన్, యూఏఈలతో పాటు మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్ కూడా ఉన్నాయి. పదో తరగతి చదవని నలభై ఏళ్ళ రైతు స్నేహితులతో బ్యాంకాక్ విహారానికి బయలుదేరినా రిటర్న్ టికెట్ లేకపోతే శంషాబాద్‌లోనే ఆగిపోవచ్చు. పక్కనున్న పట్టభద్ర మిత్రుడిని అదే అధికారి ఆ మాటే అడగకపోవచ్చు.

ఈ నిబంధన చదువులేని కూలీ కాపుదలకు పుట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి విజిట్ వీసా మీద మనుషులను పంపే ఏజెంట్లకు అది అడ్డంకి కాలేదు. రిటర్న్ టికెట్ తీయడం, దిగాక దాన్ని రద్దు చేసుకోవడం వారి పనిలో మామూలు అంగం. కంపెనీ వీసా వస్తుందని, దిగాక మార్పిస్తామని చెప్పిన మాట నమ్మి వెళ్ళినవాడికి గడువు తీరాక కాగితాలూ ఉండవు, చేతిలో ఉందనుకున్న టికెట్టూ ఉండదు. అలా మిగిలినవారిని గల్ఫ్ తెలుగులో ‘ఖల్లివల్లి’ అంటారు. అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడో, మన రాయబార కార్యాలయం ఇంటికి చేరేందుకు ఔట్‌పాస్ అనే పత్రం ఇచ్చినప్పుడో తప్ప వారికి ఇంటి దారి కనపడదు. ఎవరికోసం ఆ కాగితం కోరారో వారి దగ్గరే అది ఖాళీ కాగితమవుతోంది. ఏజెంటు టికెట్ తీసి ఇస్తే దాని ఈ-టికెట్ నంబరు రాసుకుని, ఆ విమాన సంస్థ వెబ్‌సైట్లో సొంతంగా సరిచూసుకోవడం వెళ్ళేవారి కుటుంబానికి కనీస జాగ్రత్త. 2024లో కాంబోడియా సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కిన యువకుల్లో విశాఖ ప్రాంతంవారు కూడా ఉన్నారని బయటపడింది. పర్యాటక వీసాలతో వెళ్ళేవారిని మన విమానాశ్రయాల్లో ఎక్కువసేపు ప్రశ్నించడానికి ఇలాంటి ఘటనలూ కారణం. అలా ఆపేయడాన్ని ‘ఆఫ్‌లోడ్’ చేయడం అంటారు.

గమ్యదేశం వైపు నుంచి యూఏఈ 2024లో తనిఖీ బిగించింది. విజిట్ వీసాపై వచ్చేవారి దగ్గర రిటర్న్ టికెట్, బస రుజువు, నెల బసకు 3,000 దిర్హాంలకు సరిపడా నగదో కార్డో ఉండాలన్నారు. వీసా ఉన్నా ఇవి లేనివారిని మన విమానాశ్రయాల్లోనే ఎక్కనివ్వలేదు. అంతకుముందు 2022 నవంబర్ నుంచి పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి సందర్శక ప్రవేశం ఆపేసింది. ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉండి, పాస్‌పోర్టులో విడిగా నమోదు కాని మన పల్లెవాసులకు ఈ నిబంధన పెద్ద తలనొప్పి తెచ్చింది.

ఏది టికెట్, ఏది కాదు

బుకింగ్ వేరు, టికెట్ వేరు. ఆరు అక్షరాల, అంకెల పీఎన్ఆర్ సీటు పట్టి ఉంచినట్టు చెబుతుంది, డబ్బు కట్టినట్టు కాదు. డబ్బు కట్టాక పుట్టే ఈ-టికెట్‌కు 13 అంకెల నంబరు ఉంటుంది. మొదటి మూడు అంకెలు విమాన సంస్థవి, ఎయిర్ ఇండియాకైతే 098. అనుమానం వచ్చిన ఉద్యోగి చూసేది ఈ నంబరునే. చౌక విమాన సంస్థల్లో కొన్నింటికి ఈ పద్ధతి ఉండదు, వారి బుకింగ్ నంబరే టికెట్.

వీసా దరఖాస్తుల కోసం పట్టి ఉంచిన సీటు కాగితాన్ని మనవారు ‘డమ్మీ టికెట్’ అంటారు. ఈ పేరుతో రెండు వేర్వేరు వస్తువులు చలామణీలో ఉన్నాయి. ఏజెంటు నిజంగానే కొద్దిరోజులకు సీటు పట్టి ఇచ్చేది ఒకటి. వీసా కేంద్రాలు ప్రయాణ వివరంగా దాన్ని స్వీకరించడం మామూలే, వీసా రాకముందు పూర్తి డబ్బు పెట్టవద్దని చెప్పే రాయబార కార్యాలయాలూ ఉన్నాయి. కంప్యూటర్లో తయారుచేసిన ఉత్తుత్తి కాగితం రెండోది. అది కల్లపత్రం. దాన్ని ఇమిగ్రేషన్ అధికారికి చూపడం మోసం కిందికి వస్తుంది. టికెట్ లేనందుకు పోయేది ఒక ప్రయాణమైతే, దొంగ కాగితం చూపినందుకు వచ్చే నిషేధం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

నిజంగా తిరుగు తేదీ తెలియనివారికి నిక్కమైన దారులు లేకపోలేదు. పూర్తిగా డబ్బు వాపసిచ్చే టికెట్ కొని, దిగి స్థిరపడ్డాక రద్దు చేసుకోవచ్చు. తేదీ మార్చుకునే వీలున్నది తీసుకోవచ్చు. పొరుగు దేశానికి చౌక విమానంలో ఆన్‌వర్డ్ తీసి, అటు వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ కాస్త ఖర్చుకు సిద్ధపడవచ్చు. అమెరికాకు రాకపోకల టికెట్లకైతే, ప్రయాణానికి కనీసం వారం ముందు కొన్నవాటిని 24 గంటల్లో రద్దు చేసుకుంటే మొత్తం వాపసివ్వాలని అక్కడి రవాణా శాఖ నియమం ఉంది. బస్సు, రైలు, పడవ టికెట్లు చెల్లుతాయా అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. నేల సరిహద్దులున్న దేశాల్లో ఒప్పుకోవచ్చు, దీవుల్లో ఆ ప్రశ్నే రాదు. ఆన్‌వర్డ్ టికెట్ ఏ దేశానికైతే తీశారో ఆ దేశపు వీసా కూడా ఉండాలన్నది తరచూ మరచిపోయే మెలిక. వీసా లేని దేశానికి తీసిన టికెట్ ఎంత ఖరీదైనదైనా పూచీగా నిలవదు. టికెట్‌పై పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఎవరికి అక్కర్లేదు

పౌరులకు, శాశ్వత నివాస హక్కున్నవారికి తమ దేశం చేరడానికి ఈ షరతు లేదు. ఉద్యోగ, విద్యార్థి వీసాలవారు వన్‌వేతో వెళ్ళడమే రివాజు. ఆగస్టులో అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్ళే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది చేతిలో ఒకవైపు టికెట్టే ఉంటుంది. భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారూ ఇండియాకు వన్‌వేలో రావచ్చు. కెనడాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు ఇచ్చే సూపర్ వీసా 2022 జూలై నుంచి ఒక్కో రాకకు ఐదేళ్ళ దాకా ఉండనిస్తుంది. అది అడిగేది 1,00,000 కెనడియన్ డాలర్లకు తగ్గని ఆరోగ్య బీమా, పిల్లల ఆదాయ రుజువు. అంటే పూచీకత్తును టికెట్ నుంచి బీమా మీదికి, కుటుంబం మీదికి మార్చింది. నేపాల్‌కు మనకు వీసా లేదు, పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చాలు. రక్సౌల్ దాటేవారిని తిరుగు టికెట్ ఎవరూ అడగరు.

తిప్పి పంపినప్పుడు

దిగినచోట ప్రవేశం నిరాకరిస్తే ఆ ప్రయాణికుడిని విమాన సంస్థల భాషలో ‘ఇనాడ్’ అంటారు. ముందుగా అధికారి విడిగా ప్రశ్నిస్తారు, తర్వాత విమానాశ్రయంలోనే ఒక గదిలో ఉంచుతారు. తెచ్చిన సంస్థే తిరిగి తీసుకుపోవాలి, బయలుదేరిన ఊరికి గానీ ప్రవేశం దొరికే మరోచోటికి గానీ. చేతిలో రిటర్న్ టికెట్ ఉంటే దాన్నే ముందుకు జరిపి వాడతారు. లేకపోతే సంస్థ తన ఖర్చుతో ఎక్కించి, తర్వాత ఆ మొత్తాన్ని ప్రయాణికుడి నుంచి రాబట్టుకోవచ్చు. చాలా రవాణా షరతుల్లో ఆ హక్కు రాసుకునే ఉంటుంది. వెనక్కి తెచ్చేటప్పుడు పాస్‌పోర్టును ప్రయాణికుడికి ఇవ్వకుండా విమాన సిబ్బంది దగ్గర ఉంచి, దిగాక మన ఇమిగ్రేషన్ అధికారులకు అప్పగించడం వాడుక. నిరాకరణకు కారణం రాసిన కాగితం ఒకటి చేతికి ఇస్తారు. షెంగెన్ దేశాల్లో దానికి నిర్ణీత నమూనా ఉంది, దానిపై అప్పీలు చేసుకునే హక్కూ ఉంది. భాష తెలియని కంగారులో చాలామంది ఆ కాగితాన్ని పారేస్తారు. తర్వాత ఏ దేశపు వీసా దరఖాస్తులోనైనా ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా అన్న ప్రశ్న వస్తే నిజం రాయాలి. అప్పుడు, లోపం టికెట్‌దే గానీ మనిషిది కాదని చూపడానికి పనికొచ్చేది ఆ కాగితమే.